ఒకే బుట్టలో

"లాగండి! దాన్ని ఇవతలికి లాగండి!" ఆమె పిల్లల మీద అరిచింది.

బాత్‌రూం నేల మీద నల్లబొచ్చూ తెల్లబొచ్చూ కలగలిసి గాల్లోకి లేస్తున్నాయి. ఆమె కూతురి నల్ల కుందేలు బొగ్గు, భర్త కొడుకు పెంచుకునే తెల్ల కుందేలు చెవి కరిచి పట్టుకుని వదలడం లేదు. బొగ్గు జట్టువి మరో రెండు గోడవారన నిలబడి వెనక కాళ్ళతో నేలని దబదబా తంతున్నాయి. తెల్లదాని జోడీ ఎప్పుడో బకెట్ వెనక్కి దూరింది. ఆమె తువ్వాలు విసిరి ఎలాగో విడదీసింది. చేతి మీద రెండు చోట్ల రక్తం వచ్చింది.

"నీ బొగ్గే ముందు కొరికింది," అన్నాడు పిల్లాడు.

"నీ కుందేళ్ళే మా ఇంటికొచ్చాయి. నువ్వూ వచ్చావు," అంది కూతురు.

వాడు దాని జడ లాగాడు. అది వాడి చెయ్యి కొరికింది. ఆమె చెయ్యి లేచింది. ఎవరికి తగిలిందో ఆమే చూసుకోలేదు. ఇద్దరూ ఏడ్చారు కాబట్టి ఇద్దరికీ తగిలే ఉంటుంది.

భర్త గుమ్మంలో నిలబడి షర్టు గుండీలు పెట్టుకుంటున్నాడు. "కుందేళ్ళూ కలవవు, పిల్లలూ కలవరు. పెళ్ళయినప్పట్నుంచీ ఇదే సంత. ఈ వారం చూస్తాను. లేదంటే వాణ్ణి తీసుకుని మా పాత ఇంటికి పోతాను."

"అలా అనకండి. నేను కలుపుతానుగా!"

"ఏం కలుపుతావు? నిన్ను ఇప్పటికీ ఆంటీ అనే అంటున్నాడు. దాన్ని చెల్లీ అని ఒక్కసారైనా పిలిచాడా?"

చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. ఆమె కోరుకునేవి ఆ రెండు పిలుపులే. పాపం, అందుకోసం ఏం చెయ్యడానికైనా సిద్ధంగా ఉంది.

వెంటనే పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

"ఎవరి వాసనా లేని చోట వదలమన్నారు, వదిలాను డాక్టర్ గారూ. వాటి గుడ్డలు వీటి కింద, వీటి గుడ్డలు వాటి కింద మార్చి మార్చి పరిచాను. అయినా పీక్కుంటున్నాయి."

"ఐదింటిని కలపడమంటే నెలలు పడుతుందమ్మా. ఎందుకంత తొందర?"

"నాకంత టైం లేదు. ఇంకేదైనా దారి చెప్పండి."

డాక్టరమ్మ కాసేపు నసిగింది. "కొందరు అన్నిటినీ ఒకే బుట్టలో వేసి, తిరిగే వాషింగ్ మెషిన్ మీద పెడతారు. ఆ అదురుకి బెదిరిపోయి ఒకదాన్నొకటి అతుక్కుంటాయి. నాకైతే నచ్చదు. అది స్నేహం కాదమ్మా, భయం. పైగా ఏ చేతులు భయపెట్టాయో ఆ చేతుల్ని మళ్ళీ దగ్గరికి రానివ్వవు."

మొదటి సగం విన్నాక ఆమె మిగతాది వినలేదు.

వరండాలో మెషిన్ నిండా దుప్పట్లు కుక్కి స్విచ్ వేసింది. ఐదింటినీ బుట్టలోకి తోసి, మూత మీద రెండు చేతులూ వేసి అదిమింది. మెషిన్ వేగం అందుకుని గడగడలాడుతూ ముందుకి జరగసాగింది. బుట్టలో గోళ్ళు గీరుకుంటున్నాయి.

"అమ్మా, ఆపు! చచ్చిపోతాయి!"

"ఆంటీ, భయపడుతున్నాయి!"

"భయపడాలనే పెట్టాను. నోరు మూసుకోండి."

పిల్లాడు స్విచ్ దగ్గరికి ఉరికాడు. దాంతో ఆమెకి ఒళ్ళు తెలియలేదు.

"మీకోసమే కదరా ఇదంతా!"

ఇద్దరినీ రెక్క పట్టుకుని బాత్‌రూంలోకి నెట్టి, బయట గడియ పెట్టింది. లైటు వేసిందో లేదో కూడా చూసుకోలేదు. తలుపు మీద చిన్న చేతులు బాదాయి. మెషిన్ హోరులో ఆ చప్పుడు కలిసిపోయింది. ఆమె మళ్ళీ వెళ్ళి మూత అదిమిపట్టింది.

మెషిన్ ఆగాక మూత తీసి చూస్తే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఐదూ ఒకే ముద్ద. పొద్దున చెవి కొరికిన బొగ్గే తెల్లదాని మెడ కింద తల దూర్చుకుని పడుకుంది. ముద్దొచ్చి చెయ్యి చాపింది. ముద్దంతా ఒక్కసారిగా బుట్ట అవతలి అంచుకి జరిగిపోయింది.

"పోన్లే, మీలో మీరు కలిశారు. అదే చాలు," అనుకుంది.

దుప్పట్లు ఆరేసి వచ్చి, అప్పుడు గడియ తీసింది. పిల్లలు గోడని రాసుకుంటూ ఆమెని తప్పించుకుని తమ గదిలోకి వెళ్ళిపోయారు. గొడవ లేదు, ఏడుపు లేదు. అన్నం కలిపి పెడితే మారు మాట్లాడకుండా తిన్నారు. ఎంత బుద్ధిమంతులయ్యారో అని మురిసిపోయింది.

సాయంత్రం భర్త వస్తూనే, "ఏంటి, ఇల్లింత ప్రశాంతంగా ఉంది?" అన్నాడు.

ఆమె నోటి మీద వేలేసుకుని, అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ముందు కుందేళ్ళని చూపించింది. ఐదూ ఒక మూల ఒద్దికగా ఉన్నాయి. తర్వాత పిల్లల గది తలుపు ఓరగా తీసింది. రెండు మంచాల్లో ఒకటి ఖాళీ. రెండో మంచం మీద, గోడవైపు, ఒకే దుప్పటిలో ఇద్దరూ. పిల్లాడి గడ్డం కింద కూతురి తల, దాని చుట్టూ వాడి చెయ్యి.

భర్త కళ్ళు చెమర్చాయి. "పొద్దున్నేగా జుట్లు పీక్కున్నారు! ఏం మంత్రం వేశావే?"

"నేను కలుపుతానన్నానా లేదా?" అంది ఆమె. ఇన్నాళ్ళకి కడుపు నిండినట్టుంది. "దుప్పటి సరిగ్గా కప్పి వస్తానుండండి."

ఆమె లోపలికి అడుగు వేసింది. కాలి కింద నేల చప్పుడైంది. దుప్పటి కదిలి గోడకి అతుక్కుపోయింది. దానికిందనుంచి పిల్లాడి గుసగుస వినబడింది.

"ఇంకా లోపలికి జరుగు చెల్లీ. అమ్మ వస్తోంది."