చిటికెన వేలి ఒట్టు

అటూ ఇటూ చూసి, మినోరి మందుల పొట్లాన్ని ఆసుపత్రి వరండాలోని చెత్తబుట్టలో పడేసింది.

"పాపం, ఆ బుట్టకూ కిడ్నీ జబ్బేనా?"

ఉలిక్కిపడి తిరిగింది. బెంచీ మీద ఒక ముసలాయన ఐసుముక్క చప్పరిస్తున్నాడు. చేతి మీద నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. డయాలిసిస్‌కి వచ్చినవాడని తెలిసిపోతోంది.

"ఎవరికీ చెప్పకండి తాతయ్యా."

"ఎందుకు పారేశావు?"

"ఈ మాత్రలకి నా మొహం చూడండి, ఎలా ఉబ్బిపోయిందో. క్లాసులో అందరూ బన్ను అంటున్నారు. బళ్లో అందరికీ చేసే ఆ మూత్ర పరీక్ష చేయకపోయుంటే హాయిగా ఉండేదాన్ని. నాకు నొప్పి లేదు, ఏమీ లేదు."

"ఈ జబ్బు దొంగబుద్ధే అది. లోపల వాపు తెచ్చి, కిడ్నీని కొరుక్కు తింటున్నా మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. నాదీ నీ జబ్బే. డయాలిసిస్ సూదుల కోసం కలిపి కుట్టిన నరం ఇది, ఇక్కడ చెయ్యి పెట్టు."

ఆయన చర్మం కింద పిల్లి గురగురలాడుతున్నట్టు అనిపించింది. మినోరి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎన్నాళ్ల నుంచి పారేస్తున్నావు?"

"వారం నుంచి. చెప్పనని ఒట్టెయ్యండి."

చిటికెన వేలు చాపింది. మాట తప్పినవాళ్లు వెయ్యి సూదులు మింగాలన్నది అలా వేళ్లు కలిపి పిల్లలు వేసుకునే ఒట్టు. ఆయన నవ్వుతూ వేలు కలిపాడు.

కాసేపటికి మినోరికి వైద్యం చేసే డాక్టర్ ఓనుకి తన గదిలోంచి గబగబా వచ్చింది. వెనకే ఆ ముసలాయన.

"మినోరీ, వారం నుంచి మాత్రలు మానేశావటగా?"

అమ్మాయి మొహం జేవురించింది.

"ఇంత వయసొచ్చి మాట తప్పుతారా? వెయ్యి సూదులు మింగండి."

"మింగడమెందుకు? రోజు విడిచి రోజు గుచ్చుతూనే ఉన్నారుగా," అన్నాడాయన.

ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని ఆ పూటే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పదహారేళ్ల వయసులో మొహం కన్నా కిడ్నీ ముఖ్యమంటే చెవికెక్కుతుందా? ఆ తర్వాత ఆయన కనిపించినప్పుడల్లా మినోరి తల తిప్పుకునేది. ఆయన మాత్రం తల వంచి నమస్కరించేవాడు.

మంచు కరిగే రోజుల్లో డాక్టర్ ఓనుకి తల్లీకూతుళ్లను పిలిచింది.

"మూత్రంలో రక్తం లేదు, ప్రోటీన్ లేదు. కిడ్నీలు నిలబడ్డాయి. ఇక మాత్రలు తగ్గించుకుంటూ వద్దాం."

తల్లి కుర్చీలోనే ఏడ్చేసింది. మినోరికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఎన్నాళ్లకో మనసారా నవ్వింది.

"ఆ రోజు ఆయన వచ్చి చెప్పకపోతే ఈ మాట అనగలిగేదాన్ని కాదు," అంది డాక్టరు.

"తాతయ్యని క్షమించమని అడగాలి. ఇవాళ వస్తారా?"

డాక్టరు చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది.

"తెరాషిమాగారు పోయిన వారం కన్నుమూశారమ్మా. చివరి రోజున కూడా నీ సంగతే అడిగారు. కుదురుకుంటోందన్నాను. 'అమ్మయ్య, ఇక ఎంత తిట్టుకున్నా ఫరవాలేదు' అన్నారు."

మినోరి కళ్లు తుడుచుకుంది.

"ఆయనకూ ఈ వైద్యమే చేసి ఉంటే బతికేవారుగా. ఎవరూ చేయలేదా?"

"అప్పటికి ఈ వైద్యమే లేదమ్మా. ఈ గదిలోనే కూర్చుని, నీలాంటి పిల్లల్ని చూసుకుంటూ, ముప్పై ఏళ్లు పరిశోధించి ఆయన దీన్ని కనిపెట్టేసరికి, ఆయన కిడ్నీలు పోయాయి."