మగ్గం మీద చెయ్యి

“పాస్‌పోర్టు నా బీరువాలో ఉంది. అది అక్కడే ఉంటుంది,” అన్నాడు పాండురంగయ్య మగ్గం గుంటలోంచి లేవకుండానే.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ వినీల కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి. ఎమ్మే చరిత్రలో కాలేజీ ఫస్టు వచ్చిన పిల్ల. ఆగ్నేయాసియా దేశాల చరిత్ర మీద పరిశోధన చేసుకోమని రెండేళ్ళ ఫెలోషిప్పు వచ్చింది. ఎల్లుండే ప్రయాణం. తండ్రి కాదంటున్నాడని పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు.

వినీలకి వరసకి అత్తయ్యే మల్లీశ్వరి చాప మీద సర్దుకుని కూర్చుంది. గవర్నర్‌పేటలో జాకెట్టు ముక్కల కొట్టు మూసేసి, బస్సెక్కి పెడన దాకా ఆమె వచ్చింది ఈ ఒక్క పని కోసమే. ఆ ఫెలోషిప్పు సంగతి వినీలకి చెప్పిందీ ఆమే, ఫారం నింపించిందీ ఆమే. ఈ పిల్లని విమానం ఎక్కించకపోతే ఆమెకి నిద్ర పట్టదు.

“చేతికొచ్చిన అవకాశాన్ని కాలదన్నుకుంటారా అన్నయ్య గారూ?”

“అవకాశమంటావు. ఆ చదువు పేరుకే నాకు నోరు తిరగట్లేదు. రేపు దాంతో ఉద్యోగం వస్తదా?”

“అది మన బట్ట గురించిన చదువు నాన్నా,” వినీల ముందుకొచ్చింది. “మూడొందల ఏళ్ళ కిందట బందరు రేవు నుంచి ఓడల్లో పోయిన అద్దకం బట్టలు అక్కడి మ్యూజియముల్లో ఉన్నాయి. అవి ఎవరు నేశారో, ఎవరు అద్దారో ఎవరూ సరిగ్గా రాయలేదు. మా కాలేజీ లైబ్రరీలో ఆ దేశాల మీద ఉన్నవి రెండే పుస్తకాలు. అందులో ఒకదానికి చెదలు పట్టింది. ఇక్కడ కూర్చుని నేనేం రాయను?”

పాండురంగయ్య పోగుల మధ్య విసురుతున్న నాడె ఆగిపోయింది. “మన బట్టని అద్దాల్లో పెట్టుకున్నారా?” అన్నాడు మెల్లగా. ఇక్కడ దాన్ని కొనే నాథుడు లేక మూటలు మూలన పడున్నాయి మరి. మళ్ళీ నాడె అందుకుని, “డబ్బేమన్నా కట్టమన్నారా?” అని అడిగాడు.

“ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. టిక్కెట్టూ వాళ్ళదే. బ్యాంకాక్‌లో దిగితే కారు పంపిస్తారు. మా అబ్బాయి భానుచందర్‌ని అట్లాగే తీసుకెళ్ళారు,” అంది మల్లీశ్వరి.

“మీవాడు మగపిల్లాడు వదినా,” వంటింట్లోంచి పాండురంగయ్య భార్య రావమ్మ అంది. “ఇది ఒక్కతే ఎట్లా ఉంటది?”

“వాడున్నాడుగా తోడు!”

“అయితే వాడితో ఒకసారి మాట్లాడించు,” అన్నాడు పాండురంగయ్య.

మల్లీశ్వరి ఫోన్ తీసి వీడియో కాల్ చేసింది. నాలుగు రింగులకి భానుచందర్ తెర మీదికి వచ్చాడు. వెనక తెల్లగోడ. నవ్వుతున్నాడు.

“బాగున్నావా అబ్బాయ్?”

“బాగున్నాను మావయ్యా. లైబ్రరీ చాలా పెద్దది. హాస్టలు మంచిది. ఇక్కడి భాష కూడా వాళ్ళే నేర్పుతారు. వినీలని పంపించండి. నేను చూసుకుంటాను.” గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. రావమ్మ తొంగిచూసేలోగా, “క్లాసుకి టైమైంది,” అని పెట్టేశాడు.

“బాగా చిక్కాడేంటి వదినా?”

“తిండి పడట్లేదు,” అంది మల్లీశ్వరి. రావమ్మ ఇచ్చిన మంచినీళ్ళు గడగడా తాగేసింది.

పాండురంగయ్య గుంటలోంచి పైకి వచ్చాడు. కూతుర్ని చూశాడు, భార్యని చూశాడు. ఆఖరికి మల్లీశ్వరి వైపు తిరిగాడు.

“అమ్మా, మా ఇంట్లో ఏ మాటైనా మగ్గం మీద చెయ్యేసి చెప్తేనే మాట. మా నాన్న నాటి నుంచీ అంతే. కాగితాల మీద సంతకాలు మాకు తెలియవు. నువ్వూ మగ్గం ఇంట్లో పుట్టినదానివే. నా పిల్ల అక్కడ చల్లగా ఉంటదని చెయ్యేసి చెప్పు. ఇప్పుడే తాళం తీస్తాను.”

మల్లీశ్వరి లేచింది. నేతపని చేసేవాళ్ళు పస్తులైనా ఉంటారు గాని మగ్గం ముట్టుకుని అబద్ధమాడరు. ఆమెని కన్నవాళ్ళూ అట్లాగే బతికి పోయారు. సగం నేసిన చీర పక్కన, అరిగి నున్నబడ్డ కొయ్య మీద ఆమె అరచెయ్యి ఆన్చింది.

“మీ పిల్లకి ఏ లోటూ రాదన్నయ్య గారూ,” అంది. అని చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

పాండురంగయ్యకి అంతకంటే ఏం కావాలి? మొలతాడుకి కట్టుకున్న బీరువా తాళంచెవి విప్పి కూతురి చేతిలో పెట్టాడు. వినీల ఏడుస్తూనే నవ్వుతూ వచ్చి మల్లీశ్వరి కాళ్ళ మీద పడింది.

“నీ రుణం తీర్చుకోలేను అత్తా!”

“లే, లే తల్లీ, నాకెందుకు దణ్ణం!” మల్లీశ్వరి కాళ్ళు వెనక్కి లాక్కుంది. ఆ పిల్ల ముఖం వైపు చూడలేకపోయింది. భోజనం చేసి వెళ్ళమని రావమ్మ ఎంత బతిమాలినా ఆగలేదు. బస్సుకి వేళైందంటూ చెప్పుల్లో కాళ్ళు దూర్చి ఆటో ఎక్కింది.

వీధి మలుపు తిరగగానే ఫోన్ మోగింది. ఏదో విదేశీ నంబరు. మల్లీశ్వరి ఫోన్ని రెండు చేతులా చెవికి అదుముకుంది. అవతల కొడుకు ఊపిరి వినపడగానే ఏడుపు తన్నుకొచ్చింది.

“ఒప్పుకున్నారు నాన్నా. మొన్న గుడివాడ అబ్బాయి, ఇవాళ ఈ పిల్ల, నీ బదులు వాళ్ళడిగిన ఇద్దరూ అయ్యారు. ఇక నిన్ను కొట్టడం ఆపి వదిలిపెట్టమను!”