బయట చేరిన కోడలు

అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో మద్రాసు నుంచి ఒక డాక్టరమ్మ జీపులో కొడవలూరొచ్చింది. చిన్న వయసులోనే ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళ జబ్బు మీద పరిశోధనంట. పేరు రాయించుకుంటే పరీక్షలూ మందులూ ఊరికే ఇస్తారంట.

"మీ కోడలికి బిడ్డల్లేరు గదా. నెలనెలా వస్తోందా?" అని ఆదిశేషమ్మను అడిగింది.

ఆదిశేషమ్మ పక్కనున్న కొడుకు వైపు చూసింది. "రాకేం? ఇప్పుడూ బయట చేరే ఉంది" అని పశువుల కొట్టం చూపించింది.

డాక్టరమ్మ పక్కింటికి పోయింది.

కొట్టంలో గోనెపట్ట మీద కూర్చున్న చెంచమ్మ అంతా వినింది. ఆమెకు ముట్టు ఆగిపోయి రెండేళ్లయింది. అయినా నెలనెలా వచ్చి ఉత్తినే కూర్చుంటోంది. డాక్టరమ్మను పిలుద్దామని నోరు తెరిచి, వాకిట్లో మొగుణ్ణి చూసి మూసుకుంది.

కొడుకు వరి కయ్యల్లోకి పోయినాక ఆదిశేషమ్మ కోడలికి అన్నం తెచ్చింది. ఎప్పటిలా దూరం నుంచి పెట్టలేదు. కొట్టంలోకొచ్చి, చెంచమ్మను ఆనుకుని కూర్చుంది.

చెంచమ్మ ఉలిక్కిపడి జరిగింది. "మైల అత్తా, తాకొద్దు."

"ఏం మైలలే. నేనూ ఇట్టనే ఉత్తినే కూర్చునేదాన్ని. మీ మామకు తెలిసిన నెలలోనే నాకు సవతిని తెచ్చినాడు. నీ మొగుణ్ణి కన్నది ఆ మహాతల్లే."