పద్మనాభయ్య పన్ను బాకీ

పద్మనాభయ్య పోయిన ఇరవయ్యో రోజున, ఆయన పేరు మీదే నెల్లూరు ఇన్‌కంటాక్సు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

రంగూనుకు ఎండు రొయ్యలు పంపినప్పటి పన్ను, రెండువందల అరవై రూపాయలు, ఇంకా కట్టలేదట. ఎగ్గొట్టే మనిషి కాదు పాపం. చివరి మూడేళ్లూ పక్షవాతంతో మంచానికే అంటుకుపోయాడు. ఏం కట్టారో ఏం కట్టలేదో ఆయనకేం తెలుసు!

పెద్దకొడుకు మాలకొండయ్య ఆ కాగితం పట్టుకుని ప్లీడరు దగ్గరికి పరుగెత్తాడు. పదెకరాల మాగాణి కొడుకులిద్దరికీ చెందాలని పెద్దాయన వీలునామా రాసి పోయాడు. అది కోర్టులో ఖాయం కావాలంటే ముందు పన్ను గొడవ తేలాలన్నాడు ప్లీడరు. వారసుల్లో ఒకరు సంతకం పెట్టి కట్టాలి. లేదంటే కోట ఊళ్లో ఉన్న రొయ్యల కొట్టును ఆఫీసువాళ్లు వేలం వేసుకుంటారు.

"సంతకమా? నా వల్ల కాదన్నా," అన్నాడు చిన్నకొడుకు వెంకయ్య. "ఇయ్యాళ దీనికి పెడితే, రేపు ఇంకో పాత లెక్క తీసి నా ఎద్దుల్ని తోలుకుపోతారు. కొట్టు పోతే పోనీ. వేలమేసుకోమను."

మాలకొండయ్యకూ అదే భయం. కాగితం మీద పేరు రాసినవాడే ఇరుక్కుంటాడని ఆ చుట్టుపక్కల అందరికీ ఒక గట్టి నమ్మకం.

వేలం మాట నాగులమ్మ చెవిన పడింది.

నాగులమ్మకు ఆ ఇంటితో రాకపోకలు లేవు. ఎందుకని ఊళ్లో ఎవరూ అడగరు. తండ్రి పద్మనాభయ్య పాడె వెళ్తుంటే వీధి మలుపులో, జనం వెనకాల నిలబడి చూసింది. తల్లి పేరమ్మ పోయి అప్పటికే ఆరేళ్లు. నాదంటూ అనుకోవడానికి మిగిలిన ఒక్క ప్రాణమూ పోయిందని ఇంటికొచ్చి పొయ్యి కూడా వెలిగించలేదు.

వేలమంటే ఎలా ఉంటుందో ఆమె చూసింది. కిందటేడు మునెయ్య కొట్టుకు వేశారు. సంత నడిమధ్య డప్పు కొట్టి "మునిగాడి బాకీకి వేలమహో" అని తలారి అరిచాడు. అప్పటికి మనిషి పోయి ఆరు నెలలు. బతికుండగా మునెయ్యగారూ అన్న నోళ్లే ఆ రోజు నవ్వాయి.

పదిహేనేళ్లు రొయ్యలు ఒలిచి కూడబెట్టిన మూడు సవర్ల గొలుసును నాగులమ్మ అమ్మేసింది.

"నీకు మతి చలించిందటే!" అని పక్కింటి చెంచులక్ష్మి మీదికొచ్చింది. "పెద్దకర్మ నాడు నిన్ను పిలిచినారా? ఒక రవికె గుడ్డ పెట్టినారా? వాళ్లకు మాగాణి, నీకు బాకీనా? బలే పంపకమే!"

"అది కాదక్కా. ఆయన పేరు సంతలో డప్పేస్తే నేను విని ఉండలేను."

"ఆయన నీకేం చేసినాడే?"

నాగులమ్మకు ఒక్కటే గుర్తొచ్చింది. ఎనిమిదేళ్లప్పుడు ఒక ఎండాకాలం, రొయ్యలు ఆరబోసే దిబ్బ మీద ఆమె తల మాడిపోతుంటే పద్మనాభయ్య వచ్చి తన గొడుగు ఆమె మీదికి వంచి పట్టుకున్నాడు. ఒక్క మాటా అనలేదు. కాసేపు అలాగే ఎండలో నిలబడి వెళ్లిపోయాడు. అది చెప్పినా చెంచులక్ష్మికి అర్థం కాదని, డబ్బు కొంగున ముడేసుకుని లేచింది.

గడువు రోజున ఆఫీసులో కొడుకులిద్దరూ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కళ్లద్దాల ఆఫీసరు వాళ్లకు ఓపిగ్గా చెబుతున్నాడు. "ఆయన వదిలిపోయిన ఆస్తి వరకేనయ్యా. మీ సొంత ఎద్దుల జోలికి ఎవరొస్తారు?"

"అట్లనే అంటారు సార్," అన్నాడు వెంకయ్య.

నాగులమ్మ ముందుకొచ్చి, కొంగు ముడి విప్పి, నోట్లు బల్ల మీద పెట్టింది. "నేను కడతానయ్యా."

"డబ్బు తర్వాతమ్మా. వారసులే సంతకం పెట్టాలి, బయటివాళ్లది చెల్లదు." ఆఫీసరు కలం తీశాడు. "పోయినాయనకు నువ్వేమవుతావు?"

నాగులమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"చెప్పమ్మా. లేకపోతే వేలానికి రాసేస్తాను."

ఆమె బెంచీ వైపు చూసింది. వెంకయ్య పైన తిరిగే ఫ్యాను చూస్తున్నాడు. మాలకొండయ్య బల్ల మీది నోట్లను చూశాడు, కాగితాన్ని చూశాడు. కండువాతో మూతి తుడుచుకుని లేచాడు.

"రాసుకోండి సార్. మా చెల్లెలే. మా నాయన కూతురు. సంతకం ఈ బిడ్డ పెడతాది."

ఆఫీసరు రాసుకున్నాడు. నాగులమ్మ ఒక్కో అక్షరమే కూడబలుక్కుని సంతకం పెట్టింది. కలం కింద పెట్టిందో లేదో, బల్ల మీద తల వాల్చి, ఆ గదిలో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేలా ఏడ్చింది.

ఆఫీసరు నొచ్చుకుని మంచినీళ్లు తెప్పించాడు. "ఊరుకోమ్మా. తండ్రి పోతే ఎవరికైనా ఇంతే. ధైర్యం చెప్పడానికి నీకు అన్నలున్నారు కదా," అన్నాడు.

తల్లి పేరమ్మ మెడలో పద్మనాభయ్య తాళి కట్టలేదు గనక, 'మా చెల్లెలు' అన్న మాట ఆ ఇంటివాళ్ల నోట నాగులమ్మ వినడం, పుట్టిన ముప్పై రెండేళ్లకు అదే మొదటిసారి.