మన చేతిలో లేనిది

నాలుగో అంతస్తు దాటగానే ఆసుపత్రి లిఫ్టు కీచుమని ఆగిపోయింది. ఐదు రాలేదు. త్రిశంకు స్వర్గమే.

లోపల ముగ్గురున్నారు. టై కట్టుకున్న మందుల కంపెనీ మనిషి. బరువు సంచీతో నీలం చొక్కా పెద్దాయన. మూడో మనిషి ఒక అక్క. పైన ఎనిమిదో అంతస్తులో ఆమె తమ్ముడు ఆపరేషన్ బల్ల మీదున్నాడు. అతనికి ఎక్కించాల్సిన రక్తం ఆమె చేతిలో ఉంది. ఊరంతా గాలిస్తే ఆ గ్రూపు దొరికింది ఆ ఒక్క ప్యాకెట్టే.

"తలుపు తీయండి బాబూ! ఎవరైనా ఉన్నారా?" అంటూ అక్క దబదబా బాదింది.

టై మనిషి ఎర్ర మీట నొక్కాడు. "దయచేసి ఆందోళన చెందకండి. మెకానిక్ మీ దగ్గరికే వస్తారు" అంది ఒక తీయటి గొంతు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే ముక్క. రికార్డు! ఫోన్లలో సిగ్నలు కూడా లేదు.

పెద్దాయన కప్పు వంక చూశాడు. మీటల పలకకి చెవి ఆనించి విన్నాడు. తర్వాత సంచీ పక్కన కూలబడ్డాడు.

"ఏడవకు తల్లీ. పూర్వం గ్రీసులో ఎపిక్టెటస్ అని ఒక తత్వవేత్త ఉండేవాడట. బానిసగా బతికినవాడు. కొన్ని మన చేతిలో ఉంటాయి, కొన్ని ఉండవు, లేనివాటి కోసం కుమిలిపోవద్దన్నాడట. నాకు పని నేర్పిన గురువు రోజూ చెప్పేవాడు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను."

"ఆ మహానుభావుడికి తమ్ముడు లేడేమో బాబాయ్!"

పెద్దాయన సంచీ దగ్గరికి లాక్కున్నాడు.

"పొద్దుట్నుంచీ మొరాయిస్తోందట ఈ లిఫ్టు," టై మనిషి పళ్ళు నూరాడు. "ఊరికంతటికీ మెకానిక్ ఒక్కడేనట. ఎక్కడ చచ్చాడో! దొరికితే చెవులు మెలేస్తాను."

"మెలెయ్యండి బాబూ. తప్పులేదు" అన్నాడు పెద్దాయన.

"వస్తే బాగవుతుందా బాబాయ్?" అక్క కళ్ళు తుడుచుకుంది.

"డాబా మీదున్న లిఫ్టు మోటారు దగ్గరికి చేరితే... ఐదు నిమిషాల పని తల్లీ." ఆయన తల ఎత్తలేదు. ప్యాకెట్టు వంక చూడడానికి కూడా ఆయనకి ధైర్యం చాలలేదు.

అక్క మళ్ళీ బాదింది. ఈసారి పైనుంచి అడుగుల చప్పుడు వినిపించింది.

"ఎవరమ్మా లోపల? నేను వాచ్‌మన్‌ని!"

అక్క ప్రాణం లేచొచ్చింది. "మెకానిక్‌ని పిలు తమ్ముడూ! నీకు పుణ్యముంటుంది!"

"ఆయన కోసమే అంతస్తులన్నీ వెతుకుతున్నామమ్మా, నీలం చొక్కా పెద్దాయన, ఇందాక సంచీ పట్టుకుని ఈ లిఫ్టే ఎక్కాడు!"