పిల్లి తాలూకు మనిషి

"ఎన్నాళ్లయింది ఇది తిండి తిని?"

తువ్వాల్లో చుట్టి తెచ్చిన పిల్లిని బల్ల మీద పెట్టి తల దించుకున్నాడు లోవరాజు. యాభై దాటిన మనిషి.

"సరిగ్గా తెలీదండి."

డాక్టర్ రమ్యశ్రీకి ఒళ్లు మండింది. రావులపాలెంలో పశువుల క్లినిక్ పెట్టినప్పటి నుంచి ఇలాంటి వాళ్లని చూస్తూనే ఉంది. ముద్దొచ్చినన్నాళ్లు పెంచుకుంటారు, ఆ తర్వాత పట్టించుకోరు.

పిల్లి చెవులు పసుపు పూసినట్టున్నాయి. ఎముకలు తేలిపోయాయి.

"పస్తులుంటే పిల్లికి లివర్ పాడైపోతుందండీ. పేరేంటి దీనిది?"

అతను తడబడ్డాడు. "పిల్లీ అనే పిలుస్తామండి."

"మెడ దగ్గర చిన్న కోత పెట్టి గొట్టం వెయ్యాలి. అందులోంచే తిండి. బతుకుతుందని చెప్పలేను. ఓనరు ఒప్పుకుంటేనే చేస్తాను. మీదేనా?"

లోవరాజు పిల్లి వంక చూశాడు.

"నాదేనండి."

గొట్టం వేసి, సిరంజితో పలచటి తిండి ఎలా ఎక్కించాలో చూపించింది రమ్యశ్రీ.

"జాలిపడి ఎక్కువ పట్టకండి. ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో లవణాలు పడిపోతాయి. ప్రాణం మీదికొస్తుంది. కొంచెం కొంచెంగా పెంచాలి."

"అలాగేనండి."

రోజూ పొద్దున్నే తెచ్చి చూపించేవాడు. గొట్టం చుట్టూ గుడ్డ శుభ్రంగా ఉండేది. పిల్లి తన వేలు నాకిందని చెబుతూ ఒకరోజు కళ్లు తుడుచుకున్నాడు.

రమ్యశ్రీ మెత్తబడలేదు. ఈ శ్రద్ధేదో ముందే ఉంటే ఇంతవరకూ వచ్చేదా అనుకుంది.

మర్నాడు పిల్లి మెడ నిలపలేకపోయింది. రక్తం పరీక్ష చేస్తే లవణాల్లో భాస్వరం బాగా పడిపోయి ఉంది.

"ఎక్కువ పట్టారా?"

"లేదండి. మీరు చెప్పినంతేనండి."

ఆమె నమ్మలేదు. సెలైన్‌లో మందు కలిపి ఎక్కించింది. మధ్యాహ్నానికి పిల్లి ఊపిరి ఆగిపోయింది.

ఎంత జాగ్రత్తగా పట్టినా ఒక్కోసారి ఇలా అవుతుందని ఆమెకి తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"ఇంకెప్పుడూ ఏ మూగజీవాన్నీ పెంచకండి. మీకా అర్హత లేదు."

లోవరాజు పిల్లిని మళ్లీ తువ్వాల్లో చుట్టుకున్నాడు.

"అలాగేనండి" అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకి చేతికి కట్టుతో ఒకమ్మాయి వచ్చింది.

"నా పేరు మంజుషండి. మెడకి గొట్టం వేశారంట కదండీ, ఆ పిల్లి మాదండి."

రమ్యశ్రీ కుర్చీ చూపించింది. "మీ నాన్నగారు రాలేదా?"

"మా నాన్నగారు ఎప్పుడో పోయారండి. ఇంట్లో నేనొక్కదాన్నే. తుని వెళ్తుంటే యాక్సిడెంటయింది. కాకినాడ ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడున్నాను. ఇంటికి తాళం. పిల్లి లోపలే ఉండిపోయింది."

"మరి... లోవరాజుగారు?"

"ఆయన కోసమే వచ్చానండి, ఎక్కడుంటారో మీకేమైనా తెలుసేమోనని. మా దొడ్లోనే గొయ్యి తీసి దాన్ని పూడ్చి, మీ క్లినిక్ పేరు పక్కింటివాళ్లకి చెప్పి వెళ్లిపోయారంట."

రమ్యశ్రీ అడిగింది.

"మీకేమవుతారాయన?"

"ఏమీ కారండి. పక్క దొడ్లో కొబ్బరికాయలు దింపడానికొచ్చి, చెట్టు మీంచి మా కిటికీలో దాన్ని చూసి, తాళం పగలగొట్టించిన మనిషంట."