ప్రశ్న లేని హాజరు

"ఇయ్యాల ఒక్కరు గూడ ప్రశ్న అడగొద్దు. పేరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అనాలె. అంతే!"

హెడ్మాస్టర్ మురళీమోహన్ బెత్తం లేని చేతిని బెత్తంలా ఊపుతూ చెప్పాడు. చింతలబండ ప్రాథమిక పాఠశాలలోని పద్నాలుగు మంది పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 'ప్రెజెంట్ సార్' అనే మాట ఆ బడిలో ఎవరికీ అలవాటు లేదు.

పక్కనున్న జ్యోతి టీచర్ ఊరుకోలేదు.

"గదేంది సార్? ఈడ హాజరంటేనే ప్రశ్న గద! నర్సింహులు సారు పశువుల కొట్టంల ఈ బడి పెట్టి నలభై ఏండ్లాయె. ఆనాటి నుంచి ఇదే పద్ధతి. పేరు పిలిస్తే తనకు జవాబు తెల్వని ప్రశ్న ఒకటి అడగాలె. అడగకపోతే బడికి రానట్టే. పిల్లగాడొచ్చి కూసుంటే సాలదు, వాని బుర్ర గూడ రావాలె అంటుండె ఆయన."

"ఆయనకేం, పెట్టి పోయిండు. నేనీడికొచ్చి ఎనిమిది నెలలాయె, ఇప్పుడు పడేటోన్ని నేను. పోయిన నెల ఊరి పక్క మందుల కంపెనీ మేనేజర్ బల్లలిస్తనని వచ్చిండు. ఏమాయె?"

జ్యోతికి నవ్వు ఆగలేదు. ఐదో తరగతి తనుశ్రీ ఆ మేనేజర్‌ని "సార్, మా బోరు నీళ్లల్ల సబ్బు వెయ్యకున్నా నురగ ఎందుకొస్తది?" అని అడిగింది. ఆయన చాయ్ సగంలోనే వదిలేసి కారెక్కాడు. బల్లలు ఇప్పటిదాకా రాలేదు.

"నవ్వకండి టీచర్. ఇయ్యాల బల్లల ముచ్చట కాదు. బడి ఉంచుడా, ఎత్తేసుడా అని మండలాఫీసు నుంచి అరుణ మేడం వస్తున్నది. బడి పోతే వీళ్లంత పెద్ద రోడ్డు దాటి అవతలూరి బడికి పోవాలె. ఆమెకు కోపమొచ్చే మాట ఒక్కటి పడ్డా మన పని ఖతం. జెర నా పరేషాన్ సూడుండ్రి."

పాపం, అతని భయం అబద్ధం కాదు. పొద్దున్నుంచి గేటుకూ గదికీ మధ్య పదిసార్లు తిరిగాడు. తెచ్చుకున్న ఉప్మా డబ్బా మూత కూడా తీయలేదు. జ్యోతికి కోపమూ, జాలీ రెండూ కలిగాయి. ఇక మాట పెంచలేదు.

పేర్లు పిలిచే పని ఆ వారం తనుశ్రీది. ఒక్కొక్కరినే పిలిచింది. ప్రెజెంట్ సార్. ప్రెజెంట్ సార్. ఒకటో తరగతి శివకుమార్ మాత్రం "సార్, మరి..." అంటూ నోరు తెరిచాడు. మురళీమోహన్ ఉరిమి చూశాడు. వాడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

పదిన్నరకు వంట చేసే మొగులమ్మ గేటు దగ్గర్నుంచి కేకేసింది. "సారూ, జీపొచ్చింది!"

అరుణ మేడం గోడలు చూసింది, వంటగది చూసింది, పెద్ద పిల్లల్ని ఎక్కాలు అడిగింది. గడగడా అప్పజెప్పారు. ఎవరూ తిరిగి ఏమీ అడగలేదు. మురళీమోహన్ ప్రాణం కాస్త కుదుటపడింది. అంతలో ఆమె చూపు నల్లబల్ల మూల మీద ఆగింది.

మొత్తం 14. హాజరు 0.

"ఇదేంది సార్? పిల్లలు ఎదురుగనే ఉన్నరు, హాజరు సున్నా అంటరు?"

మురళీమోహన్ గిరుక్కున పిల్లల వైపు తిరిగాడు. "ఎవరు రాసిన్రు?"

తనుశ్రీ లేచి నిలబడింది. "నేనే సార్. ఇయ్యాల ఎవ్వరు ప్రశ్న అడగలే. మీరే వద్దన్నరు గద."

"తుడువు! జల్దీ పద్నాలుగు రాయి!"

"ఉండనియ్యండి సార్," అంది అరుణ మేడం అలసటగా. "సున్నా అయినా పద్నాలుగైనా ఒకటే. ఇరవై మంది లేని బడుల జాబితా పైనుంచే తయారై వచ్చింది. నేనొచ్చింది మీ సంతకం కోసం. సోమవారం నుంచి వీళ్లు అవతలి బడికి పోతరు."

కాగితం ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చింది.

మురళీమోహన్ పెన్ను పట్టుకున్నాడు కానీ సంతకం పెట్టలేదు. పిల్లల నోళ్లు కట్టేసి పొద్దున్నుంచి తాను కాపాడింది ఏమిటో అతనికి అర్థం కాలేదు. సిగ్గేసింది. తలెత్తి చూస్తే శివకుమార్ నోటి మీద చేతులు ఇంకా తీయలేదు.

"మేడం," అన్నాడు. "పొద్దున తొమ్మిదింటికి ఆ రోడ్డు మీద కాజీపల్లి కంపెనీల ట్యాంకర్లు, సుల్తాన్‌పూర్ ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులు తెంపు లేకుండ పోతయి. నేనే దాటనీకి పావుగంట నిలబడత. ఆరేండ్ల పిల్లగాన్ని రోజు ఆ రోడ్డు ఎవరు దాటిస్తరు? నాకు తెల్వదు, అందుకే అడుగుతున్న."

అరుణ మేడం కాగితాన్ని ముందుకూ వెనక్కూ తిప్పింది. అందులో రోడ్డు గురించి ఒక్క ముక్క లేదు. కిటికీలోంచి బయటికి చూసి, పెన్ను వెనక్కి తీసుకుంది.

"నాకూ తెల్వదు సార్. సంతకం పెట్టకండి. ఇదే ప్రశ్న రాసియ్యండి, పైకి పంపుత. జవాబొచ్చేదాక బడి ఈడనే నడుస్తది."

జ్యోతి కళ్లు తుడుచుకుంది. తనుశ్రీ మాత్రం నల్లబల్ల దగ్గరికి వెళ్లి సున్నా తుడిచేసి, ఒకటి వేసింది.

"ఎవరమ్మా ఆ ఒక్కరు?" అంది అరుణ మేడం.

"మా హెడ్మాస్టర్ సారే మేడం. రోజు ఆఖర్ల ఆయన పేరు గూడ పిలుస్తం. ఎనిమిది నెలలకు ఇయ్యాల బడికొచ్చిన్రు."